రిసీవర్ ఆటను ఎంత మలుపు తిప్పుతున్నాడు? అంకెలతో అంచనా వేసే పద్ధతి

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ ఆదివారాలు ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) చూసే తెలుగువాళ్లు, ముఖ్యంగా ఫాంటసీ లీగులు ఆడేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఫలానా రిసీవర్‌కు (పాసు అందుకునే ఆటగాడికి) 1,200 యార్డులు వచ్చాయి, మరి అతను నిజంగా ఆట తిప్పేవాడేనా, లేక జట్టు పదేపదే అతనికే విసిరినందువల్ల వచ్చిన లెక్కా? దీన్ని ఇంట్లో కూర్చుని, ఉచితంగా దొరికే సమాచారంతోనే తేల్చవచ్చు. కాకపోతే వరుస తప్పకూడదు. చాలామంది ముందు క్యాచ్ శాతం చూస్తారు, ఆ తర్వాత టచ్‌డౌన్లు చూసి తీర్పు చెప్పేస్తారు. అసలు చిక్కంతా అక్కడే వస్తుంది.

అమెరికన్ ఫుట్‌బాల్ ప్రాథమిక నియమాలు, అంటే నాలుగు డౌన్లు (ప్రయత్నాలు), పది యార్డులు, మీకు తెలుసనుకునే రాస్తున్నాను.

## 1. ముందు మీ ప్రశ్న ఏమిటో కాగితం మీద పెట్టండి

ఈ మూడింట్లో మీకు ఏది కావాలి?

- గడిచిన సీజన్లో ఇతను జట్టుకు ఎంత మేలు చేశాడు?
- వచ్చే సీజన్లో ఎలా ఆడొచ్చు?
- జట్టు మారితే, క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) మారితే ఇతనిలో మిగిలే సత్తా ఎంత?

మొదటి ప్రశ్నకు టచ్‌డౌన్లను పూర్తిగా లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే ఆ పాయింట్లు నిజంగానే వచ్చాయి. రెండో ప్రశ్నకు వాటి బరువు బాగా తగ్గించాలి. డెట్రాయిట్ లయన్స్ రిసీవర్ కాల్విన్ జాన్సన్ 2011లో 1,681 యార్డులు, 16 టచ్‌డౌన్లు సాధించాడు. మరుసటి ఏడు యార్డులు 1,964కు పెరిగాయి. ఒక సీజన్‌కు ఇప్పటికీ అదే రికార్డు. టచ్‌డౌన్లు మాత్రం 5కు పడిపోయాయి. ఒక్క ఏడాదిలో అతని ఆట మూడో వంతుకు దిగజారిందని ఎవరూ అనరు. టచ్‌డౌన్లు ఏటా అంతగా ఊగుతాయి.

## 2. సమాచారం పోగు చేసుకోండి

మొదలుపెట్టే ముందు ఇవి దగ్గర పెట్టుకోండి.

- సీజన్ మొత్తాలు: ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్ సైటులో టార్గెట్లు (అతనివైపు విసిరిన పాసులు), క్యాచ్‌లు, యార్డులు, ఫస్ట్ డౌన్లు (కావాల్సిన దూరం దాటి మళ్లీ నాలుగు ప్రయత్నాలు తెచ్చినవి), స్నాప్‌ల (మైదానంలో ఉన్న ప్లేల) సంఖ్య దొరుకుతాయి.
- ప్రతి ప్లే వివరం: ఎన్‌ఎఫ్‌ఎల్‌వర్స్ వాళ్ల ఉచిత ఫైళ్లలో 1999 నుంచి ప్రతి ప్లే ఉంటుంది. బంతి గాల్లో ఎన్ని యార్డులు వెళ్లిందన్న లెక్క 2006 నుంచి ఉంది.
- ట్రాకింగ్ అంకెలు: నెక్స్ట్ జెన్ స్టాట్స్ పేజీల్లో 2016 నుంచి రిసీవర్‌కు, డిఫెండర్‌కు మధ్య సగటు ఎడం చూడొచ్చు. ఆటగాళ్ల భుజాల ప్యాడ్లలో పెట్టిన చిప్‌లు ఇచ్చే కొలత ఇది.
- ఒక స్ప్రెడ్‌షీట్. ఆర్ లేదా పైథాన్ ప్రోగ్రామింగ్ వస్తే మంచిదే, రాకపోయినా పని ఆగదు.

ఒక్క రిసీవర్ సమాచారమే దించుకోకండి. ఆ సీజన్లో కనీసం 60 టార్గెట్లు వచ్చిన రిసీవర్లందరినీ తీసుకోండి. పోలిక లేకపోతే, టార్గెట్‌కు 8.4 యార్డులన్న అంకె ఎక్కువో తక్కువో మీకు తెలియదు.

## 3. దేనితో భాగిస్తున్నారో చూసుకోండి

మొత్తం లెక్కలో కీలకమైన మెట్టు ఇదే. క్రికెట్‌లో పరుగులు చెప్పి, ఆడిన బంతులు చెప్పకపోతే మనం ఊరుకోం కదా. యార్డుల దగ్గరా అంతే పట్టుదల ఉండాలి.

మూడు ప్రసిద్ధ సీజన్లు పక్కపక్కన పెడతాను.

- కాల్విన్ జాన్సన్, 2012: 204 టార్గెట్లు, 122 క్యాచ్‌లు, 1,964 యార్డులు
- మైకేల్ థామస్, న్యూ ఆర్లీన్స్, 2019: 185 టార్గెట్లు, 149 క్యాచ్‌లు, 1,725 యార్డులు
- కూపర్ కప్, లాస్ ఏంజెలిస్ రామ్స్, 2021: 191 టార్గెట్లు, 145 క్యాచ్‌లు, 1,947 యార్డులు

యార్డులే చూస్తే జాన్సన్ ముందున్నాడు. ఆటకు సగటు తీసినా అతనే ముందు: 16 ఆటల్లో దాదాపు 123. కప్‌కు 17 ఆటల్లో 114.5.

ఇప్పుడు జట్టు మొత్తం ఎన్ని పాసులు విసిరిందో చూడండి. 2012లో లయన్స్ 740 పాసులు విసిరారు. క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్ ఒక్కడే 727 విసిరాడు, అప్పటికి అది రికార్డు. 2019 న్యూ ఆర్లీన్స్ సుమారు 580, 2021 రామ్స్ సుమారు 600. జట్టు విసిరిన ఒక్కో పాసుకు రిసీవర్ రాబట్టిన యార్డులు ఇలా తేలతాయి:

- జాన్సన్: 2.7
- థామస్: 3.0
- కప్: 3.2

వరుస తలకిందులైంది. లయన్స్ ఆ ఏడాది 4 గెలిచి 12 ఓడారు. వెనకబడ్డ జట్టు బంతిని గాల్లోనే ఎక్కువగా ఆడుతుంది, దానివల్ల రిసీవర్‌కు అవకాశాలు పెరుగుతాయి. జాన్సన్ గొప్పతనం దీనితో తగ్గదు. రికార్డులో ఎంత భాగం అవకాశాల సంఖ్య వల్ల వచ్చిందో తెలుస్తుంది, అంతే.

ఇంకా కచ్చితంగా కావాలంటే రూట్‌కు యార్డులు లెక్కించండి. రూట్ అంటే పాసు కోసం రిసీవర్ పరుగెత్తే దారి. పాస్ ప్లేల్లో అతను పరుగెత్తిన ప్రతి రూట్‌తోనూ భాగించడమన్నమాట. 2.0 దాటితే మంచి రిసీవర్, 2.5 దాటితే మేటి, 3.0 అరుదు. బంతి రాని రూట్లు కూడా ఇందులో కలుస్తాయి. డిఫెండర్‌ను వదిలించుకోలేని రిసీవర్‌కు క్వార్టర్‌బ్యాక్ విసరడు. అలాంటివాడి లోపం టార్గెట్‌కు యార్డుల్లో దాక్కుంటుంది, రూట్‌కు యార్డుల్లో బయటపడుతుంది. నన్నడిగితే, ఒక్క అంకెతోనే సరిపెట్టుకోవాల్సి వస్తే దీన్నే ఎంచుకుంటాను.

రూట్ల సంఖ్య ఉచితంగా దొరకనప్పుడు ఒక దారి ఉంది. జట్టు పాస్ ప్లేల సంఖ్యను ఆ రిసీవర్ స్నాప్ శాతంతో గుణించండి. దగ్గర దగ్గరగా వస్తుంది. ఆట మధ్యలో గాయపడి వెళ్లిన వారాలను మాత్రం విడిగా చూసుకోండి.

## 4. క్యాచ్ శాతాన్ని, పాసు దూరాన్ని విడదీయకండి

థామస్ క్యాచ్ శాతం 80.5, జాన్సన్‌ది 59.8. ఈ రెండంకెలే చూసినవాళ్లు థామస్ చేతులు ఎంతో మెరుగనుకుంటారు. టార్గెట్‌కు యార్డులు చూడండి: థామస్ 9.3, జాన్సన్ 9.6. దాదాపు సమానం. థామస్‌కు వచ్చినవి ఎక్కువగా పొట్టి, మధ్యరకం పాసులు. జాన్సన్‌కు వచ్చినవి పొడవైనవి. అందుకే థామస్ క్యాచ్ సగటు 11.6 యార్డులైతే జాన్సన్‌ది 16.1.

వరుసగా ఇలా చేయండి:

1. ప్రతి టార్గెట్‌కు బంతి గాల్లో వెళ్లిన యార్డులు తీసుకుని సగటు కట్టండి.
2. టార్గెట్లను నాలుగు గుంపులు చేయండి: స్క్రిమేజ్ లైన్ (ప్లే మొదలయ్యే గీత) వెనక, 0–9 యార్డులు, 10–19, 20 పైన.
3. ఒక్కో గుంపులో ఈ రిసీవర్ క్యాచ్ శాతాన్ని లీగ్ సగటుతో పోల్చండి.
4. ఆ తేడాలను టార్గెట్ల సంఖ్య ప్రకారం కలపండి.

ఎన్‌ఎఫ్‌ఎల్‌వర్స్ ఫైళ్లలో ప్రతి పాసుకు అందుకునే అవకాశం ఎంతో ముందే లెక్కగట్టి ఉంటుంది. దాన్ని వాడితే గుంపులు చేసే పని తప్పుతుంది. అయినా మొదటిసారి చేత్తో చేసి చూడమనే చెబుతాను. రిసీవర్ ఏ దూరంలో బలవంతుడో అప్పుడే కళ్లకు కడుతుంది.

## 5. పట్టాక పరుగు: ఎంత వచ్చింది, ఎంత రావాల్సింది

క్యాచ్ తర్వాత యార్డులు ఎక్కువున్నవాడే ఆట తిప్పేవాడని చాలామంది నమ్మకం. ఇందులో సగమే నిజం. చుట్టూ ఎవరూ లేనప్పుడు స్క్రీన్ పాసు (గీత దగ్గరే అందే పొట్టి పాసు) పట్టి, ముందు ముగ్గురు బ్లాకర్లు (అడ్డుకునే సహచరులు) దారి చేస్తుంటే ఏడు యార్డులు పరుగెత్తడం పెద్ద విషయం కాదు. పన్నెండు యార్డుల దూరంలో బంతి పట్టి, మీద పడుతున్న ఇద్దరిని విదిలించుకుని ఏడు యార్డులు తీయడం వేరు.

కాబట్టి అంచనాకు పైన ఎంత తీశాడో లెక్కించాలి. ప్లే ఫైళ్లలో, ఆ స్థితిలో పట్టిన బంతికి సగటున ఎన్ని యార్డులు వస్తాయన్న గడి ఉంటుంది. అసలు యార్డుల్లోంచి దాన్ని తీసేసి, అన్ని క్యాచ్‌ల మీద సగటు కట్టండి.

2021లో శాన్ ఫ్రాన్సిస్కోకు ఆడిన డీబో శామ్యూల్ దీనికి మంచి ఉదాహరణ. 121 టార్గెట్లకు 77 క్యాచ్‌లు, 1,405 యార్డులు. అంటే టార్గెట్‌కు 11.6, కప్ అదే ఏడాది తీసిన 10.2 కన్నా ఎక్కువ. ఆ యార్డుల్లో సగం పైన బంతి పట్టాక కాళ్లతో తీసినవే. ఇలాంటి రిసీవర్‌ను క్యాచ్ శాతంతో, అందులోనూ 64 శాతంతో కొలిస్తే అన్యాయం చేసినట్టే.

## 6. ఏ డౌన్లో, ఎంత దూరానికి?

కల్పిత ఉదాహరణ ఒకటి వేస్తాను, కాగితం పెన్ను తీసుకుని మీరూ వేయండి. ఒక ఆటలో ఇద్దరు రిసీవర్లు, ఒక్కొక్కరికి ఆరు టార్గెట్లు.

మొదటివాడు:

- మూడో డౌన్, 12 యార్డులు కావాలి: 9 వచ్చాయి
- రెండో డౌన్, 10 కావాలి: 5
- మొదటి డౌన్, 10 కావాలి: 3
- రెండో డౌన్, 15 కావాలి: 8
- మొదటి డౌన్, 10 కావాలి: 24
- మూడో డౌన్, 9 కావాలి: 7

రెండోవాడు:

- మూడో డౌన్, 4 కావాలి: 6
- మొదటి డౌన్, 10 కావాలి: బంతి అందలేదు
- రెండో డౌన్, 8 కావాలి: 11
- మూడో డౌన్, 7 కావాలి: 9
- మొదటి డౌన్, 10 కావాలి: 13
- రెండో డౌన్, 6 కావాలి: 5

మర్నాడు స్కోర్ పట్టికలో మొదటివాడికి 6 క్యాచ్‌లు, 56 యార్డులు కనిపిస్తాయి. రెండోవాడికి 5 క్యాచ్‌లు, 44 యార్డులు. ఇప్పుడు సక్సెస్ రేట్ కట్టండి. నియమం ఇది: మొదటి డౌన్లో కావాల్సిన దూరంలో 40 శాతం, రెండో డౌన్లో 60 శాతం, మూడో నాలుగో డౌన్లలో మొత్తం వస్తేనే ఆ ప్లే సఫలం.

మొదటివాడికి ఆరింట ఒకటే సఫలం. రెండోవాడికి ఆరింట ఐదు. పైగా రెండోవాడు నాలుగు ఫస్ట్ డౌన్లు తెచ్చాడు, మొదటివాడు ఒక్కటే. మొదటివాడి క్యాచ్‌లు రెండుసార్లు మూడో డౌన్లో ముగిసి, ఆ రెండుసార్లూ జట్టు పంట్ చేయాల్సిన (బంతిని తన్ని ప్రత్యర్థికి వదిలేయాల్సిన) పరిస్థితిలో పడింది.

సక్సెస్ రేట్‌కు ఒక లోపం ఉంది. 24 యార్డుల ప్లేకూ, మూడో డౌన్‌లో తెచ్చిన 6 యార్డులకూ ఒకే మార్కు వేస్తుంది. ఆ ఖాళీని ఈపీఏ (ఎక్స్‌పెక్టెడ్ పాయింట్స్ యాడెడ్) పూడుస్తుంది. ప్లేకి ముందు, తర్వాత జట్టు సగటున ఎన్ని పాయింట్లు ఆశించవచ్చో చూసి, ఆ తేడాను ప్లే విలువగా తీసుకోవడమే ఈపీఏ. సొంత 25 యార్డుల గీత దగ్గర ఫస్ట్ డౌన్ విలువ సుమారు 1 పాయింటు, ప్రత్యర్థి 25 దగ్గర సుమారు 4. కాబట్టి ఈ రెండు గీతల మధ్య 50 యార్డులు తెచ్చిన క్యాచ్ విలువ దాదాపు 3 పాయింట్లు. మూడో డౌన్లో 8 కావాల్సినచోట 7 తెచ్చిన క్యాచ్‌కు మైనస్ పడుతుంది.

రెండూ కలిపి చదవండి. సక్సెస్ రేట్ ఎక్కువ, ఈపీఏ ఓ మోస్తరు అయితే అతను నమ్మకంగా ఫస్ట్ డౌన్లు తెచ్చే రకం. సక్సెస్ రేట్ తక్కువ, ఈపీఏ ఎక్కువ అయితే నాలుగైదు భారీ ప్లేల మీద నడిచే రకం. అప్పుడు 20 యార్డులు దాటిన క్యాచ్‌లను తీసేసి మళ్లీ లెక్క కట్టి చూడండి.

## 7. రిసీవర్ ఖాతాలో పడని వాటిని చేర్చండి

డిఫెన్సివ్ పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌ను (పాసు అందుకోకుండా డిఫెండర్ రిసీవర్‌ను అక్రమంగా అడ్డుకోవడాన్ని) దాదాపు అందరూ వదిలేస్తారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఈ ఫౌల్ జరిగినచోటే బంతి పెడతారు, ఫస్ట్ డౌన్ కూడా ఇస్తారు. రిసీవర్ డిఫెండర్‌ను దాటేసి, ఆ డిఫెండర్ గత్యంతరం లేక చెయ్యి పట్టుకుంటే జట్టుకు 40 యార్డులు రావచ్చు. రిసీవర్ లెక్కలో మాత్రం ఒక్క యార్డు పడదు, టార్గెట్ కూడా పడదు. లోతుగా పరుగెత్తే రిసీవర్లకు దీనివల్ల చాలా నష్టం. ప్లే వివరణలో ఏ రిసీవర్ వైపు విసిరారో రాసి ఉంటుంది, అక్కడ వెతికి ఆ యార్డులు, ఆ ప్లేలు కలపండి.

రన్ ప్లేలు కూడా చేర్చాలి. శామ్యూల్ 2021లో 59 సార్లు బంతి తీసుకుని పరుగెత్తి 365 యార్డులు, 8 టచ్‌డౌన్లు చేశాడు. రిసీవింగ్ పట్టికలో ఇవి ఉండవు. ఫంబుల్స్ (చేతిలోంచి జారిపోయిన బంతులు) ఉంటే వాటి ఈపీఏ తీసివేయండి.

ఇక బంతి రాకపోయినా డిఫెన్స్‌ను తనవైపు లాగే సత్తా ఒకటుంది. దీన్ని కొలవడానికి, రిసీవర్ మైదానంలో ఉన్నప్పుడు, లేనప్పుడు జట్టు పాస్ ప్లేల ఈపీఏ పోల్చుతారు. చూడండి, కానీ మెల్లగా నమ్మండి. 2022లో కాన్సాస్ సిటీ టైరీక్ హిల్‌ను మయామీకి ఇచ్చేసి, ఆ సీజన్లోనే సూపర్ బౌల్ గెలిచింది. అటు మయామీలో హిల్ అదే ఏడాది 1,710 యార్డులు తీశాడు. జట్టు నెట్టుకొచ్చిందంటే ఆటగాడికి విలువ లేదని కాదు. కోచ్, క్వార్టర్‌బ్యాక్ కలిసి ఆ లోటును వేరే దారిలో భర్తీ చేసుకుంటారు.

## 8. క్వార్టర్‌బ్యాక్ చలవ ఎంతో వేరు చేయండి

ఈ పరీక్షలు చేయండి:

- అదే జట్టులో, అదే క్వార్టర్‌బ్యాక్ విసిరిన మిగతా రిసీవర్ల టార్గెట్‌కు ఈపీఏ ఎంత? మన రిసీవర్ ఎంత పైన ఉన్నాడు?
- మధ్యలో క్వార్టర్‌బ్యాక్ మారాడా? మారితే రెండు భాగాలు విడివిడిగా చూడండి.
- అందుకోవడానికి వీల్లేని పాసులెన్ని? నేలమీద పడినవి, మైదానం బయటికి వెళ్లినవి రిసీవర్ తప్పుగా రాయకండి.

రెండో పరీక్షకు థామస్ 2019 సీజన్ చక్కగా సరిపోతుంది. డ్రూ బ్రీస్ బొటనవేలి గాయంతో తప్పుకుంటే టెడ్డీ బ్రిడ్జ్‌వాటర్ ఐదు ఆటలు మొదలుపెట్టాడు, ఐదూ గెలిచాడు. ఆ ఆటల్లో థామస్ యార్డుల సగటు తగ్గలేదు. విసిరేవాడు మారినా దిగుబడి నిలబడితే, రిసీవర్ సొంత సత్తాకు అంతకన్నా మంచి సాక్ష్యం దొరకడం కష్టం.

జాన్సన్‌కూ కప్‌కూ బంతి విసిరింది ఒకే స్టాఫర్డ్ అన్నది మరో ఆసక్తికరమైన విషయం. అక్కడ మారినవి జట్టు, వ్యూహం, రిసీవర్‌ను నిలబెట్టే చోటు. అందుకే స్లాట్‌లో (అంచుకు లోపలివైపు) ఆడే రిసీవర్‌ను స్లాట్ రిసీవర్లతో, అంచున ఆడేవాణ్ని అంచువాళ్లతో పోల్చండి.

## 9. లెక్క ఎంత గట్టిదో చూసుకోండి

వంద టార్గెట్లలో 65 క్యాచ్‌లంటే క్యాచ్ శాతం 65. కేవలం అదృష్టం వల్ల ఇది ఎంత ఊగగలదు? 0.65ను 0.35తో గుణించి, 100తో భాగించి, వర్గమూలం తీయండి. సుమారు 0.048 వస్తుంది. దానికి రెండింతలు అటూ ఇటూ వేస్తే 55 నుంచి 75 శాతం దాకా అవుతుంది. 40 టార్గెట్లే అయితే ఊగిసలాట అటు 15, ఇటు 15.

అందుకని అక్టోబర్ నెలలో ఆరు ఆటలు చూసి 68 శాతం వాడు 63 శాతం వాడి కన్నా మేలని తేల్చకండి. రూట్‌కు ఎన్ని టార్గెట్లు రాబడుతున్నాడన్నది వీటన్నింటికన్నా త్వరగా నిలకడకు వస్తుంది. సీజన్ మొదట్లో అదే చూడండి. టచ్‌డౌన్లు, పెనుగులాటలో పట్టిన క్యాచ్‌లు అన్నిటికన్నా ఆలస్యంగా నిలబడతాయి.

## 10. తరచూ జరిగే తప్పులు

సగటు ఎడాన్ని రిసీవర్ నైపుణ్యం అనుకోవడం. పొట్టి పాసుల్లో ఎడం ఎక్కువగానే ఉంటుంది. లోతైన రూట్లలో తగ్గుతుంది. పాసు దూరం ఒకేలా ఉన్నవాళ్లనే పోల్చండి.

వదిలేసిన క్యాచ్‌లకు మరీ బరువివ్వడం. ఏడాదికి మూడు నాలుగు ఎక్కువ వదిలేసినా, రూట్‌కు యార్డులు బాగుంటే పెద్దగా ఫర్వాలేదు. డిఫెండర్లను వదిలించుకుంటున్నాడనే అర్థం.

ఓటమి ఖాయమయ్యాక వచ్చిన యార్డులు కలిపేయడం. గెలిచే అవకాశం 5 శాతం కన్నా తక్కువ, 95 కన్నా ఎక్కువ ఉన్న ప్లేలు తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి లెక్కించండి. తేడా పెద్దగా ఉంటే దాన్ని రాసి పెట్టుకోండి.

16 ఆటల సీజన్లను 17 ఆటల సీజన్లతో నేరుగా పోల్చడం. 2021 నుంచి 17 ఆటలు. మొత్తాలు పోల్చకుండా సగటులే పోల్చండి.

వీడియో చూడకపోవడం. లెక్కలయ్యాక అతని పది మంచి ప్లేలు, పది చెడ్డ ప్లేలు చూడండి. చెడ్డవాటిలో రూట్ ఎక్కడ చెడింది, బంతి ఎక్కడ పడింది, డిఫెండర్ ఎంత దగ్గరున్నాడు అన్నవి గమనిస్తే, మీ అంకెల్లో ఏది నమ్మాలో తేలుతుంది.

## 11. తీర్పు రాసే తీరు

ఒకే మార్కు ఇవ్వకండి. నాలుగు వాక్యాలు రాయండి: అవకాశాలు ఎన్ని, ఒక్కో రూట్‌కు ఏమి తెచ్చాడు, అంచనాకు ఎంత పైన ఉన్నాడు, ఏ డౌన్లలో పనికొచ్చాడు. వాటి పక్కన, ఆ స్థానంలో ఆడే రిసీవర్లలో అతను ఎన్నో వాడో వేయండి. క్వార్టర్‌బ్యాక్ పరీక్షలో తేలినది ఐదో వాక్యం.

సీజన్ సగం అయ్యాక ఒకసారి, ముగిశాక ఒకసారి అదే షీటు నింపండి. మొదటిసారి రాసిన వాక్యాల్లో రెండోసారికి ఏవి మారాయో చూస్తే, ఏ అంకెకు ఎంత బరువివ్వాలో మీకే తెలుస్తుంది.